రాజీ కాయితం చదివిన రోజు

మొన్న కొత్తగూడ బ్యాంకులో సంతకం వచ్చు మొర్రో అంటున్నా వినకుండా, నా ముఖం చూసి కౌంటర్లోని పిల్ల వేలిముద్ర సిరాపెట్టె ముందుకు తోసింది. నాలుగో తరగతి చదువు ముఖం మీద కనబడదు కదా, తప్పు ఆమెది కాదు. ఆ సిరా వాసన ముక్కుకు తగలగానే పుప్పాలగూడలో మా పోలీసు పటేలు అరుగు కళ్ల ముందు నిలిచింది.

డెబ్బైల మొదట్లో మా ఊరంటే రాళ్లగుట్టలు, జొన్నచేన్లు, సీతాఫలాల కాలంలో పిల్లలందరి మూతులకూ అంటుకున్న తెల్లటి గుజ్జు, బతుకమ్మ నాడు ఇంటింటా దంచే నువ్వుల సత్తుపిండి వాసన. సర్కారంటే మాత్రం పటేలొక్కడే. కొట్లాటైనా దొంగతనమైనా, ఆయన రాస్తేనే ఠాణాకు కబురు పోయేది. ఆయన దగ్గునూ, నశ్యం పీల్చే తీరునూ నేను అచ్చు దించేదాన్ని. మా పక్కింటి యాదమ్మ వదిన పొట్ట పట్టుకుని నవ్వేది. మాతో అచ్చనగండ్లాడితే అయిదు రాళ్లూ ఒక్క విసురుకు చేతి మీద నిలిపేది. ఆ ఏడు బతుకమ్మకు మాత్రం ఎడమ చేత్తో ఆడింది. కుడి మణికట్టు వాచి ఉంది. ఆమె భర్త మల్లయ్య కొట్టే చప్పుడు గోడ దాటి మాకు వినబడేది. అప్పుడు మా అమ్మ రోట్లో ఏమీ లేకున్నా దంచేది.

సద్దుల బతుకమ్మ మర్నాడు వదిన పటేలు అరుగెక్కింది.

"పటేలా, నన్ను సంపుతడు. ఠాణాకు రాయుండ్రి."

"ఆలుమొగల లొల్లికి ఠాణా ఏందే? రాజీ జేస్త ఉండు," అని ఆయన కాయితం రాశాడు. మా ఊరి ఆనవాయితీ అది: ఫిర్యాదు చేసిన ఆడదే రాజీ కాయితం మీద వేలొత్తాలి. ఒత్తే ముందు బయటి మనిషొకరు చదివి వినిపించాలి. గుంపులో చదువొచ్చిన పిల్లనని నన్ను పిలిచారు.

అరుగు నిండా జనం. నాకు అంతకన్నా ఏం కావాలి? ఓసారి దగ్గి, ముక్కు ఎగబీల్చి, పటేలు గొంతుతోనే చదివాను: "నేను నా ఇష్టంతో నా మొగనింటికి పోతున్నాను. ఇకమీదట నాకేమైనా సర్కారుకు జిమ్మేదారి లేదు." జనం గొల్లుమన్నారు. పటేలూ నవ్వాడు. ఏడుస్తున్న వదిన కూడా ఫక్కుమని, "నీ నోట్ల మన్నువడ," అంటూ అదే నవ్వులో వేలొత్తింది. సర్కారుకు బాధ్యత లేదన్న కాయితంలోని ఆ చివరి మాట ఎవరి చెవినా పడలేదు, చదివిన నా చెవిన కూడా. పటేలు కర్ర పట్టిన కావలివాణ్ణి తోడిచ్చి మరీ ఆమెను మల్లయ్య ఇంటికి పంపాడు.

నాలుగో రోజు ఆమె బావిలో తేలింది. ఠాణా నుంచి జమేదారు వచ్చాడు. పటేలు కాయితం చూపించాడు. జమేదారు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, చాయ తాగి పోయాడు. ఆ తర్వాత నేను బడికి పోలేదు. అమ్మ పొమ్మనీ అనలేదు.

ఇప్పుడు పటేలు పదవి లేదు, అరుగు లేదు. ఆ బావి ఎక్కడుండేదో దాని మీద లేచిన అపార్ట్‌మెంట్లలో ఎవరికీ తెలియదు. మా ఊరి పాతవాళ్లనడిగితే, నీళ్లకు పోయి కాలుజారింది పాపం, అంటారు. వదిన బావిలో తేలిన పొద్దున ఆమె బిందె ఇంటి చూరు కింద బోర్లించి, ఎండిపోయి ఉంది. నేను చూశాను. నన్నెవరూ అడగలేదు.