డాక్టరమ్మ అద్దంలో ఎండ

డాక్టరమ్మ పోయారు. మిడిల్ పాయింట్ బస్సులో టికెట్ చింపుతూ కండక్టర్ భయ్యా చెప్పాడు, పొద్దున్నే నిద్దట్లోనే పోయారట. నేను దిగాల్సిన చోట దిగలేదు. చివరి స్టాపు బ్రూక్షాబాద్ దాకా పోయి అదే బస్సులో వెనక్కొచ్చాను.

ఈ దీవిలో ఉన్న మీలో చాలామంది నోళ్లు ఆవిడ చూసినవే. నేను మాత్రం పంటినొప్పితో వెళ్లలేదు. సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో పళ్ల డాక్టరు చదువుకి దరఖాస్తు పెట్టాలంటే, ముందు ఒక డాక్టరు పక్కన కొన్నాళ్లు నిలబడి పని చూసినట్టు ఉత్తరం కావాలి. అందుకని వెళ్లాను. సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్ల పిల్లని. పళ్ల శుభ్రత మీద కరపత్రాలు చదివి, లోకాన్ని రేపటికల్లా దిద్దేయాలన్న తొందరలో ఉన్నదాన్ని.

ఆవిడ నాకు పనిముట్లేవీ ఇవ్వలేదు. గుండ్రటి చేతి అద్దం ఇచ్చారు. కరెంటు పోతే కిటికీలోని ఎండని దాంతో పట్టి రోగి నోట్లోకి పంపాలి. "చెయ్యి తర్వాత. ముందు ఊపిరి నిలబెట్టు," అనేవారు. కాలితో తొక్కే డ్రిల్లు మోత, లవంగనూనె వాసన, కింద హార్బర్‌లో ఓడ కూత, నోట్లో చిన్న ఎండ ముక్క. నీళ్ల అడుగున నిలబడి చూస్తున్నట్టుండేది.

ఒకరోజు ముసలి జాలరి తాత ఒకాయన వచ్చాడు. వల దారం కొరికి కొరికి ముందుపళ్లు రెండూ గాడి పడిపోయాయి. ఒకటి పుచ్చి పెదవి వాచింది. నాకు ఒళ్లు మండింది. అద్దం దించేసి, చదివిందంతా అప్పజెప్పాను. పశువైనా నోటిని ఇలా పాడుచేసుకోదు అని కూడా అన్నాను. తాత తువ్వాలు భుజానేసుకుని, ఆ వాపుతోనే లేచి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ కేకలేయలేదు. చేతులు కడుక్కుంటూ, "ఆయన్ని తీసుకొచ్చిన రోజు నీ ఉత్తరం రాస్తాను," అన్నారు. దరఖాస్తు వెళ్లాల్సిన ఓడ ఆ వారంలోనే.

ఒడ్డుకెళ్తే తాత పడవలోనే ఉన్నాడు. "ఏటమ్మా, తిట్లింకా మిగిలిపోనాయా?" అని నవ్వబోయి మూతి పట్టుకున్నాడు. తప్పయిందన్నాను. ఆయన దారం నా రెండు చేతుల్లో పెట్టి, బిగించి పట్టమన్నాడు. పడవ ఊగింది.

"ఒదిలితే వల పోద్ది. మరి దేంతో తెంపుతావు?"

నా తల దానంతటదే దారం కొరకడానికి వంగింది. మా నాన్న పళ్లకీ అదే గాడి. పుట్టినప్పట్నుంచీ ఎదురుగానే ఉంది.

మర్నాడు నేను ఎండ పట్టుకుంటే ఆవిడ పుచ్చిన పన్ను తీశారు. రెండోది గట్టిదేనని ఉంచేశారు. దారం ఇకమీదట పక్కపళ్లతో కొరకమని తాతకి నేర్పారు. ఆ సాయంత్రమే ఉత్తరం రాశారు: 'ఈ అమ్మాయికి కోపం ఎక్కువ. వెలుతురు నిలకడగా పట్టుకుంటుంది.' మొదటి మాట కొట్టేయమని దెబ్బలాడాను. "అది కొట్టేస్తే రెండోది ఎవరూ నమ్మరు," అన్నారు.

ఉత్తరం ఓడెక్కింది. జవాబింకా రాలేదు.

ఇవాళ ఆవిడ ఆసుపత్రికి వెళ్లేసరికి మెట్ల మీద తాత కూర్చుని ఉన్నాడు. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. అద్దం తుడిచి, కిటికీ దగ్గర ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. కుర్చీలో ఇన్నేళ్లుగా రోగుల తలలు ఆని గుంట పడ్డ చోట ఎండ చుక్క కాసేపు వణికి, ఆగింది. మబ్బు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాను.