ఫొటోకు పొగొస్తదా?

మా అల్మాస్‌గూడ వీధిలో ఉండే మట్టయ్య అంటే చాలామందికి ఒళ్లు మంట. ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర పాత తెల్ల వ్యాను ఆపుకుని, బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇస్తాడు. కొన్ని చోట్ల బండి ఫొటో చూపిస్తే చాలు, కాగితం చేతికొస్తుంది. ఈయన మాత్రం సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలిస్తే గానీ ఇవ్వడు. నేనూ ఒకసారి ఫోన్‌లో ఫొటో పట్టుకెళ్లి చీవాట్లు తిన్నవాణ్ణే.

“పొగ తగ్గియ్యనీకి సర్కారు గిన్ని తిప్పలు పడుతుంటే, నువ్వు ఫొటో తెస్తివా సారూ? ఫొటోకు పొగొస్తదా?”

ఆటో నడిపే లింగస్వామిని రెండుసార్లు ఫెయిల్ చేశాడు. అతను నడిరోడ్డు మీద నానా తిట్లూ తిట్టి, ఆ ఆటోను తుక్కుకిచ్చేసి, పన్ను మాఫీ ఉందని కరెంటు ఆటో కొనుక్కున్నాడు. అప్పట్నుంచి మట్టయ్య కనపడితే మొహం తిప్పుకునేవాడు.

మొన్న జూన్‌లో మట్టయ్య సొంత వ్యాను సర్టిఫికెట్‌కే గడువు ముగిసింది. ఇంటి ముందే గొట్టం పెట్టి చూసుకున్నాడు. ఫెయిల్. ప్లగ్గులు, ఫిల్టరు మార్చాడు. మళ్లీ ఫెయిల్. ఇంజనే అయిపోయిందన్నాడు మెకానిక్.

“మిషన్ నీదే, బండి నీదే. ఒక్క కాయితం కొట్టుకుంటే ఎవడు చూస్తడు? గీ పని పోతే ఎట్ల బతుకుతం?” అంది భార్య రాములమ్మ.

“నేను చూస్తలేనా?”

అనడమైతే అన్నాడు గానీ, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయనకు వేరే పని రాదు పాపం. ఇంత చాదస్తమేమిటని కోపమొచ్చింది నాకు.

వ్యాను తుక్కుకు పోయింది. మెట్రో దగ్గర ఆయన చోటు వారం రోజులు ఖాళీగా ఉండడం చూసి, లింగస్వామే సంగతి కనుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే మా వీధిలోకి కరెంటు ఆటో వచ్చింది.

“మిషన్ ఎక్కియ్యి కాకా. రోజూ పొద్దుగాల నేనే దింపుత, సాయంత్రం నేనే తెస్త. ఆడ బల్లేసుకొని కూసో.”

“నిన్ను ఫెయిల్ చేసిన కదరా!”

“అందర్నీ చేసినవ్. ఆఖరికి నిన్ను నువ్వు గూడ చేసుకున్నవ్. ఇంక నీ మీద కోపమెట్లుంటది?”

మట్టయ్య కళ్లు తుడుచుకున్నాడు. మిషన్ ఎక్కించి, అలవాటు కొద్దీ గొట్టం పట్టుకుని ఆటో వెనక్కి వెళ్లి వంగాడు. అక్కడ సైలెన్సరే లేదు.

“గిట్లాంటివే అందరు కొంటే నా గొట్టం ఏం జేస్కోవాల్రా?” అన్నాడు నవ్వుతూ.

ఆ గొట్టాన్ని జాగ్రత్తగా చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు.