మొన్నంటే ఎప్పుడు?

సత్తెనపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వుతూ చెప్పుకొచ్చింది. “మొన్న మా ఆయన నన్ను సైకిలెక్కించుకుని సినిమాకు తీసకపోయాడు. దారిలో పంచరు. నడిచిపోయేసరికి జనం హాల్లోంచి బయటికొస్తన్నారు!”

“ఈ వయసులో సైకిలా? చాలా ఓపికే ఆయనకి” అన్నాను.

“ఇంకెక్కడి ఓపిక? ఆయన పోయి ఇరవయ్యేళ్లాయె గదయ్యా.”

దరఖాస్తుల్లో తేదీలు సరిచూడటమే నా ఉద్యోగం. ఊరుకోలేకపోయాను. “మరి మొన్నన్నావేంటి మామ్మా?”

ఆమె నావంక జాలిగా చూసింది. “మొన్న కాకపోతే ఏంది? నిన్నయితే కాదుగా!”

ముందుసీటు వాళ్లు కూడా నవ్వారు.

ఈమధ్య మా పాప, తను పుట్టకముందే పోయిన నాన్నమ్మ నన్ను ఆఖరిసారి ఎప్పుడు తిట్టిందని అడిగింది. తేదీ నోటిదాకా వచ్చింది.

“మొన్నే” అన్నాను.