తాడు కట్టిన జోళ్ళు

దెయ్యాలను నమ్మేవాళ్ళని ఏడిపించడం నాకు చిన్నప్పట్నుంచీ సరదా. మందస పక్కన ఒక ఉద్దానం పల్లెలో పుట్టాను. మిట్టమధ్యాహ్నం జీడితోటలో ఒంటరిగా తిరగకూడదని మా నాయనమ్మ అంటే, పనిగట్టుకుని ఆ వేళకే వెళ్ళి జీడిపళ్ళు తినొచ్చేదాన్ని. గొంతు గరగరలాడటం తప్ప నాకేమీ కాలేదు.

తర్వాత కంప్యూటర్ చదువులో పడ్డాను. ప్రోగ్రాం పనిచేయకపోతే తప్పు ఎక్కడో ఒక లైన్లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, గాలిలో ఉండదు. ఇవాళ్టికీ నా నమ్మకం అదే. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నోరు మూసుకుని కూర్చుంటాను. అందర్నీ ఏడిపించినదాన్ని కదా, చెబితే నన్ను ఏడిపిస్తారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టెక్కలిలో ఎం.సి.ఏ. చదివాను. మా నాన్న కొబ్బరి, జీడి తప్ప ఇంకోటి తెలియని రైతు. పలాసలో డిగ్రీ అయ్యాక ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకున్నానంటే, అదేం చదువో ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా "మా గుంట కంపూటరు సదువుతంది" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. నాకు సిగ్గేసేది.

చేర్పించడానికి వచ్చిన రోజు, ఆ కంప్యూటర్ ఎలా ఉంటుందో ఒకసారి చూస్తానన్నాడు. అప్పట్లో కంప్యూటర్ లాబ్ అంటే గర్భగుడి కిందే లెక్క. ఏసీ గది, కింద తివాచీ. దుమ్ము తగిలితే మిషన్లు పాడైపోతాయని, చెప్పులు బయట విప్పితే గాని లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. గుమ్మం పక్కన వరండాలో చెప్పులకి చెక్క అరలుండేవి. ఎవరూ చెప్పకుండానే నాన్న జోళ్ళు విప్పేసి, తువ్వాలుతో అరికాళ్ళు శుభ్రంగా తుడుచుకుని నిలబడ్డాడు. లాబ్ అటెండర్ సింహాచలం అడ్డమొచ్చాడు. "స్టూడెంట్లకే బాబూ, నువ్వు ఎల్లకూడదు" అన్నాడు.

నాన్న అద్దం తలుపుకి మొహం ఆనించి కాసేపు చూశాడు. ఏసీ చలికి అద్దం మీద ఆవిరి పట్టి ఉంది, లోపల ఏమీ కనబడి ఉండదు. "పోన్లే, ఇంకోపాలి సూత్తాను" అని జోళ్ళు తొడుక్కున్నాడు. నాకు సింహాచలం మీద పట్టరాని కోపం వచ్చింది. నాన్నకి రాలేదు.

రెండో ఏడాదిలో నాన్నకి మొహం, కాళ్ళు వాచడం మొదలైంది. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి దాని అర్థం డాక్టరు చెప్పనక్కర్లేదు. మా వీధిలోనే అలా పోయినవాళ్ళున్నారు. విశాఖలో ఒక ఆసుపత్రిలో చూపిస్తే కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేల్చి చెప్పారు. పాదాలు ఉబ్బి, ఎడమకాలికి హవాయి జోడు బొత్తిగా పట్టకపోతే, దాని పట్టీ కోసేసి, బదులుగా కొబ్బరి పీచుతో తనే ఒక తాడు పేని వదులుగా కట్టుకున్నాడు. కొత్తవి కొనుక్కోమంటే, "వాపు తగ్గీదాకే గదా" అనేవాడు. వాపు తగ్గలేదు.

నా చదువు చివరికొచ్చింది. అన్నీ పాసయ్యాను, జావా లాబ్ ఒక్కటి తప్పింది. అది మళ్ళీ రాసి గట్టెక్కితే ఎం.సి.ఏ. పూర్తయినట్టు. ఆ పరీక్షకి తేదీ ఇవ్వడం, వాయిదా వెయ్యడం, మళ్ళీ ఇవ్వడం. అవతల ఆసుపత్రిలో నాన్న మంచం దిగడం మానేశాడు. రక్తం శుభ్రం చేసే మిషను మీద పెట్టి తీసిన ప్రతిసారీ మనిషి ఇంకాస్త తరిగిపోయేవాడు. నాకు ఒకటే దిగులు. ఆయన ఉండగా నేను పాసవ్వాలి, మా గుంట చదువు అయిపోయిందన్న మాట ఆయన చెవిన పడాలి. దేవుడికి దండం పెట్టే అలవాటు లేనిదాన్ని, టెక్కలి బస్టాండులో బస్సు అద్దం మీద అతికించిన బొమ్మకి కూడా దండం పెట్టాను.

పరీక్షకి ముందు ఆదివారం విశాఖ వెళ్ళాను. నాన్న మంచం కింద, అమ్మ టిఫిను సంచి పక్కన తాడు జోళ్ళు ఉన్నాయి. నా కాలికి తగిలితే పక్కకి జరిపాను, అందుకే బాగా గుర్తు. ఇంక నేను వెళ్ళను, ఇక్కడే ఉండిపోతానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "పరీచ్చ అయ్యాకే రా. మద్దిలో వొచ్చినావంటే నీతో మాటాడను" అన్నాడు. మాట్లాడనంటే నిజంగానే మాట్లాడని మనిషి. వెనక్కి వచ్చేశాను.

ఆ వారమంతా లాబ్‌లో కూర్చున్నానే గాని బుర్రకి ఒక్క ముక్క ఎక్కలేదు. తెరమీద అక్షరాలు అలుక్కుపోయేవి. నిన్న రాసిన ప్రోగ్రాం ఇవాళ చూస్తే ఎవరో రాసినట్టుండేది. బాత్రూంలోకి వెళ్ళి, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. సాయంత్రం కాలేజీ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి అమ్మ ఫోన్ చేసేది. "ఉన్నాడమ్మా" అనేది. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నానికని లాబ్‌లోంచి బయటికొచ్చి, నా చెప్పుల కోసం వంగాను. కింది అరలో నాన్న జోళ్ళు ఉన్నాయి.

అలాంటివే ఇంకెవరివో అనుకోవడానికి లేదు. అరిగిన మడమలు, కుడిదానికి నీలం పట్టీ, ఎడమదానికి పీచు తాడు, ఆ తాడుకి నాన్న వేసే ముడి. నాకు మొదట కలిగింది సంతోషం. నాన్నకి నయమైపోయింది, నన్ను చూడ్డానికి వచ్చేశాడు అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో పరిగెత్తాను. క్యాంటీను, సైకిల్ స్టాండు, గేటు, బస్సులు ఆగే చోటు, అన్నీ తిరిగాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాన్న ఎక్కడా లేడు. తిరిగొచ్చి చూస్తే జోళ్ళూ లేవు.

సాయంత్రం ఫోన్లో, నాన్న టెక్కలి వచ్చాడా అని అడిగాను. "లేచి కూసోలేకపోతన్నాడు, అక్కడికెలాగొత్తాడే?" అంది అమ్మ. జోళ్ళ సంగతి ఆవిడకి చెప్పలేదు. నిద్ర లేదు, తిండి లేదు, కావలసిన మనిషి వచ్చినట్టు అనిపించింది, ఇందులో వింతేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకెవరైనా ఇలా చెబితే నేనూ అదే అనేదాన్ని.

పరీక్షకి ముందు రోజు సింహాచలం అరిచాడు. అతనికి ఒక అలవాటు. భోజనాల వేళ లాబ్‌కి తాళం వేసే ముందు చెప్పుల అరలు చూసుకుంటాడు. చెప్పులు మిగిలాయంటే లోపల మనిషి మిగిలినట్టు. ఆ రోజు అందరం బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే, "ఈ తాడు జోళ్ళు ఎవులియమ్మా? నోపల ఎవులున్నారు?" అని కేకేశాడు. ఎవరూ పలకలేదు. లోపలికి వెళ్ళి బల్లల కింద కూడా వంగి చూసి వచ్చాడు. "ఎవులూ నేరు" అని గొణుక్కుంటూ తాళం వేశాడు.

నాన్న జబ్బు సంగతి సింహాచలానికి తెలియదు. ఎప్పుడో గుమ్మంలో ఆపిన మనిషి అతనికి గుర్తుండే అవకాశమూ లేదు. ఆ జోళ్ళని ముట్టుకోవాలనిపించింది గాని చెయ్యి రాలేదు. మెస్సుకి వెళ్ళి, రెండు ముద్దలు కెలికి వచ్చేసరికి అర ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ రాలేదు. బూత్ మూసేదాకా నిలబడ్డాను. బయల్దేరి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళితే నాన్న మాట్లాడనన్నాడు. వెళ్ళకపోతే మాట్లాడటానికి మనిషి ఉంటాడో ఉండడో. ఎటూ తోచక గదికి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

పొద్దున్నే లాబ్ దగ్గరికి వెళ్ళేసరికి జోళ్ళు అప్పటికే అరలో ఉన్నాయి. భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. ఒకటి అటూ ఒకటి ఇటూ పడి ఉంటే జతగా సర్దాను. పీచు తాడు వేళ్ళకి గరుగ్గా తగిలింది. పక్కన నా చెప్పులు పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

చీటీ తీస్తే కిందటిసారి నేను తప్పిన ప్రశ్నే వచ్చింది. ఎవరో సాయం చేశారనీ, వేళ్ళు వాటంతటవే కదిలాయనీ చెప్పను. అలాంటిదేమీ జరగలేదు. తప్పులు వచ్చాయి, ఒక్కొక్కటే వెతుక్కుని దిద్దుకున్నాను. వారం రోజులుగా గుండెల్లో దడదడలాడుతున్నది మాత్రం ఆ కాసేపూ ఆగింది. చివరికి జవాబు తెరమీద పడింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు చూసి, ఏవో రెండు మాటలడిగి, "పాసయినట్టేనమ్మా, వెళ్ళు" అన్నారు.

బయటికొచ్చి నా చెప్పుల్లో కాళ్ళు దూర్చి రోడ్డుమీదికి పరిగెత్తాను. నాన్న జోళ్ళు నేను సర్దినచోటే ఉన్నాయి, చూశాను. తీసుకెళ్ళాలన్న ఊహే రాలేదు. విశాఖ బస్సు తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మే నెల ఎండ. ఫ్యాన్లు తిరుగుతున్నా వార్డులో జనం అట్టముక్కలతో విసురుకుంటున్నారు. నాన్న మీద రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. నిన్నంతా స్పృహ లేదని, వదిలి రాలేక ఫోన్ చెయ్యలేదని అమ్మ చెప్పింది. పొద్దున్న మాత్రం కళ్ళు మూసుకునే మాట్లాడాడట. "ఒలే, ఈ గది సల్లగుంది, కప్పుకోడానికేటైనా ఇయ్యి" అన్నాడట. పక్క మంచం వాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటుంటే, "గుంట పరీచ్చ రాత్తంది, సప్పుడు సెయ్యకండి" అని కసిరాడట. అమ్మ వాళ్ళకి క్షమాపణ చెప్పుకుందట.

నేను చెయ్యి పట్టుకుంటే నాన్న కళ్ళు తెరిచాడు. దారంతా నోట్లో పెట్టుకొచ్చిన మాట చెప్పబోయాను. ఆయనే ముందు అన్నాడు.

"ఈపాలి నోపలికి రానిచ్చినారమ్మా."

ఆయన మంచం కిందికి చూడబోయి, తల తిప్పలేక మళ్ళీ నా వైపు చూశాడు. "నా జోళ్ళు తెచ్చినావా? అక్కడే బయట ఇడిసీసినాను" అన్నాడు.

"తెత్తాను నాన్నా" అన్నాను. ఆయన తలూపి కళ్ళు మూసుకున్నాడు. పాసయ్యానని నేను చెప్పనేలేదు, ఆయన అడగలేదు. తెల్లారకముందే పోయాడు.

సామాను సర్దుతున్నప్పుడు మంచం కింద జోళ్ళు లేవు. రెండు మూడు రోజులుగా కనబడటం లేదని, ఎవరో పట్టుకుపోయారని అమ్మ అంది. పట్టీ కోసి తాడు కట్టిన జోళ్ళు ఎవరికి కావాలి? ఊళ్ళో నాన్న దినాల్లో గొడుగు, జోళ్ళు దానం ఇవ్వాలంటే అమ్మ కొత్త జత కొని ఇచ్చింది. ఆ బిగుతు పట్టీలు నాన్న కాళ్ళకి పట్టవే అనిపించింది నాకు. పిచ్చి ఆలోచనే, కాని ఆపుకోలేక అందరి ముందూ భోరున ఏడ్చాను.

సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్ళినప్పుడు ముందు లాబ్ దగ్గరికే వెళ్ళాను. అర ఖాళీ. సింహాచలాన్ని అడిగాను. "ఆ తాడు జోళ్ళా? పరీచ్చ రోజు సాయంత్రం తాళం ఏసినప్పుడు ఉన్నాయి. తెల్లారొచ్చి సూత్తే నేవు" అన్నాడు. ఆ వరండా గేటుకి తాళం వేసేదీ తీసేదీ అతనే. ఎవరివని అడిగితే మా నాన్నవి అన్నాను. "మీ నాన్న ఎప్పుడొచ్చినాడమ్మా?" అన్నాడు. సర్టిఫికెట్ల పనుందని చెప్పి వచ్చేశాను.

తప్పు ఏ లైన్లో ఉందో వెతకడం మానలేదు. రక్తం శుభ్రం చేసే ఆ మిషను మీద పెట్టినవాళ్ళకి చలిజ్వరం రావడం మామూలేనని డాక్టరే చెప్పారు. లోపలికి రానిచ్చారన్నది జ్వరంలో వచ్చిన కల కావచ్చు. మొదటి రోజు గుమ్మంలో ఆగిపోవడం ఆయన మనసులో ఎక్కడో ఉండిపోయి ఉంటుంది. నేను చూసింది నా దిగులు. అన్నీ ఒప్పుకుంటాను. మరి సింహాచలం వేసిన కేక? నా వేళ్ళకి తగిలిన పీచు తాడు? అక్కడికొచ్చేసరికి ఆగిపోతాను.

ఇప్పుడు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలోనే ఉన్నాను. బూట్లతోనే కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నాం. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను, మా నాన్నని ఆ పేరుతో అస్సలు పిలవను. ఏం జరిగిందో నాకు తెలియదు. ఆఖరున ఆయన నన్ను అడిగింది ఒక జత పాత జోళ్ళు. తెస్తానన్నాను. ఎక్కడినుంచి తేవాలో ఇవాళ్టికీ తెలియలేదు.