మోతి చెవిలో చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాలాడటంలో నన్ను మించినవాళ్ళు లేరు. పలక పగలగొట్టింది నేను కాదని, బెల్లం తిన్నది పిల్లి అని, అన్నీ అలాంటివే. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. తొమ్మిదేళ్ళప్పుడు ఆడిన ఒక్క అబద్ధం మాత్రం ఇప్పటికీ లోపల కలుక్కుమంటుంది.

మాది లింగంపేట దగ్గర పల్లె. మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్ళం. అవ్వ పగలంతా గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. నేను పుట్టకముందు ఒకసారి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, కొత్త బీడీ ఆకు గంపలో పెట్టుకుని ఇంటికి వస్తుంటే, పాడుబడ్డ బావిలోంచి కుక్కపిల్ల మూలుగు వినిపించిందట. అవ్వ ఆకునంతా గట్టు మీద గుమ్మరించి, గంపకు తాడు కట్టి, సద్దిలో మిగిలిన జొన్నరొట్టె ముక్క అందులో వేసి బావిలోకి దించింది. రొట్టె కోసం పిల్ల గంపలోకి ఎక్కగానే పైకి చేదింది. దాని వెనక కాలు విరిగి ఉంది. తర్వాత ఆ కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అవ్వ దానికి మోతి అని పేరు పెట్టింది. ఆకు మట్టిపాలు చేసినందుకు కార్ఖానాలో చీవాట్లు తిన్నానని తర్వాత నవ్వుతూ చెప్పేది.

మోతి నాకంటే రెండేళ్ళు పెద్దది. నేను బడికి పోతుంటే కుంటుకుంటూ ఊరి చివరి దాకా వచ్చి, నేను మలుపు తిరిగేదాకా నిలబడేది. సాయంత్రం అక్కడే ఎదురొచ్చేది. అంత చేసిన జీవికి నేను చేసింది ఇదీ.

ఆ ఏడు నాట్లప్పుడు మోతి మంచం పట్టింది. మంచమంటే కొట్టంలో పరిచిన గడ్డే. ముసలితనానికి తోడు వీపు మీద పుండు లేచింది. అదే సమయంలో మాచారెడ్డిలో మా మేనత్తకు కాన్పు దగ్గరపడి అవ్వ వెళ్ళాల్సి వచ్చింది. "పొద్దుగాల, మాపటికి దానికి జర గంజి తాపియ్యి బిడ్డా. తల లేవట్లే, నువ్వే పట్టుకోవాలె," అని నాకు అప్పగించి వెళ్ళింది.

మొదటి రోజు తాపించాను. రెండో రోజు పుండు వాసనకు, ఈగలకు కొట్టం గుమ్మంలోనే ఆగిపోయాను. గంజి తీసుకుపోయి పెరట్లో మిరపచెట్ల మొదట్లో పోశాను. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. పొలం నుంచి అలసి వచ్చిన అమ్మ అడిగితే "తాగింది" అన్నాను. నాలుగో రోజు సాయంత్రం అవ్వ తిరిగి వచ్చి, గడప దాటకముందే అడిగింది. "మొత్తం తాగిందవ్వా," అన్నాను. అవ్వ పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి, మోతి తల ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నది. తెల్లారేసరికి మోతి ప్రాణం పోయింది.

మా ఊళ్ళో కుక్క చస్తే కాళ్ళకు తాడు కట్టి వాగు ఒడ్డుకు ఈడ్చి పడేయడమే ఆనవాయితీ. పక్కింటి పెద్దబాపు, నాకు పెదనాన్న వరస, తాడుతోనే వచ్చాడు. అవ్వ ఆ తాడు తీసి పక్కన పడేసింది.

"ఈడ్వనియ్య. పదకొండేండ్లు నా గడప కాసింది. మోసుకపోదాం."

"ఏంది చిన్నమ్మా, మనిషి పోయినట్టు జేస్తున్నవ్. ఊరంత నవ్వుతది," అన్నాడు పెద్దబాపు.

"నవ్వనీ. పండ్లున్నోళ్లు నవ్వుతరు."

అవ్వ మోతికి పసుపునీళ్ళతో స్నానం చేయించి, గోనెపట్టా మీద పడుకోబెట్టి, తన పాత చీర కప్పింది. పట్టాకు ఒక మూల అవ్వ పట్టుకున్నది, ఒక మూల మా బాపు, అంటే మా నాన్న. గొణుక్కుంటూనే పెద్దబాపు మూడో మూల అందుకున్నాడు. నాలుగో మూలకు మనిషి లేడు. అవ్వ నావైపు చూసి రమ్మన్నది. నాకు దక్కింది తలవైపు మూల.

మోతిని పూడ్చాలనుకున్నది మా మెట్ట చెలకలో. అక్కడికి వెళ్ళే దారిలో ఒక తుమ్మచెట్టు ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా అక్కడ పాడె దించి, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ కొసనైనా ఉంటే పలుకుతారని ఆశ. దింపుడు కల్లం అంటారు. నలుగురు కలిసి మోస్తుంటే అక్కడ ఆగడం పెద్దబాపు కాళ్ళకు అలవాటైపోయింది. చెట్టు రాగానే "దించుండ్రి" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. బాపుకు నవ్వొచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

"దించినంక పిలవకుంట లేపొద్దు. బిడ్డా, నువ్వు పిలువు," అన్నది.

ఆ పిలుపుకు నిజంగానే లేస్తారని నమ్మే వయసు అది. మోతి లేస్తే బాగుండునని ఎంత ఆశ పడ్డానో, లేస్తే నా గంజి సంగతి ఎలాగో బయటపడుతుందని అంత భయపడ్డాను. మోకాళ్ళ మీద కూర్చుని ఒకసారి మెల్లగా పిలిచాను. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాను. మూడోసారి చెవికి ఇంకా దగ్గరగా వంగాను.

"మోతీ, గంజి నేనే పారబోసిన. నీకియ్యలే. లే మోతీ, ఇప్పుడు తాపిస్త," అన్నాను.

దాని చెవిలోనే చెప్పాననుకున్నాను గానీ ముగ్గురూ విన్నారు. మోతి లేవలేదు. ఎప్పుడైనా ఊదితే చాలు, టపటపా కొట్టుకునే చెవి, కదలకుండా ఉండిపోయింది. బాపు కోపంతో చెయ్యెత్తాడు. అవ్వ అడ్డం వచ్చింది. "అది మోతికి చెప్పుకుంటున్నది. నడుమ నువ్వెందుకు?" అన్నది.

చెలక మూల పెద్దబాపే గుంత తవ్వాడు. అందరం తలా పిడికెడు మన్ను వేశాం. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆ మూల మీదికి నాగలి పోనివ్వలేదు.

తిరిగి వస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని నడిచింది. కొంత దూరం పోయాక, "మిరపచెట్ల కింద మెతుకులు నేను నిన్న రాంగనే చూసిన," అన్నది.

"మరి కొట్టలేదేందవ్వా?"

"కొడితే నాకు చెప్తుంటివి. చెప్పాల్సింది దానికి." అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచింది. "కానీ ఆల్శమైంది బిడ్డా. నిన్న రాత్రి నేను పిలిస్తె చెవి కదిలిచ్చింది. అప్పటిదాక దానికి ఇనవడ్డది."

అవ్వ ఆ మాట కోపంతో అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. దెబ్బలు తింటే ఆ పూటకే మరిచిపోయేదాన్నేమో. ఆ మాటను మాత్రం ఇన్నేళ్ళలో మరవలేకపోయాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. కామారెడ్డిలో ఉంటున్నాం. మా ఆయన పక్షవాతంతో మంచాన పడి రెండేళ్ళయింది. నోట మాట పోయింది. ముద్ద నేనే పెట్టాలి. ఒక్కో పూట ఓపిక చచ్చి విసుక్కుంటాను. నేను దేవతనేం కాదు. ఎల్లారెడ్డిలో ఉండే మా బిడ్డ సాయంత్రం ఫోన్ చేసి "బాపు తిన్నడా అమ్మా?" అంటుంది. తిన్నడు అనేస్తే ఆ పిల్ల నిశ్చింతగా పడుకుంటుంది, నాకూ మంచిపేరు. అయినా నోరు రాదు. "రెండు ముద్దలే తిన్నడు. నేను కసురుకున్న, మూడోది ముట్టలే," అని చెప్పేస్తాను.

ఫోన్ పెట్టేసి వచ్చి ఆయన తల దగ్గర కూర్చుంటాను. చెవి దగ్గరకు వంగి, కసిరినందుకు తప్పైందని చెప్పుకుంటాను. ఆయన బదులు చెప్పలేడు. కానీ వినబడుతుంది. కళ్ళు నావైపు తిప్పుతాడు.