బావ తగ్గించిన ధర

మొన్నామధ్య పనిమీద టెక్కలి వెళ్ళి, తిరుగు బస్సుకు ఇంకా వ్యవధి ఉండటంతో బజారు వెంట మెల్లగా నడుస్తూ, పాత మోటార్లూ ఫ్యాన్లూ కొని అమ్మే ఒక కొట్టు ముందు నాకు తెలియకుండానే ఆగిపోయాను. గుమ్మం పక్కన, కాలిపోయిన మిక్సీల మధ్య ఒక జర్మనీ చిత్రిక మిషన్ పడి ఉంది. చేత్తో చిత్రిక పట్టిన రోజుల నుంచి కరెంటు మిషన్ల దాకా కర్రపనిలోనే బతికినవాణ్ణి కనుక దుమ్ము కింద కూడా దాన్ని గుర్తుపట్టాను. కొట్టతను నా చూపు కనిపెట్టి, "ఏటిస్తావో నువ్వే సెప్పు మావా, పట్టుకెళ్ళిపో" అన్నాడు. ఒకప్పుడైతే వంగి, వాసన చూసి, ఇరుసు కదిపి, అక్కడికక్కడే ధర చెప్పి ఉండేవాణ్ణి. ఆ రోజు మాత్రం నా నోట అంకె రాలేదు. తిరిగి బస్టాండుకు వచ్చేశాను. పాత మిషన్‌కు ధర కట్టమంటే నా నోరెందుకు పెగలదో నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే తప్పు లేదనిపించి ఇది రాస్తున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. మాది నౌపడ దగ్గర, ఉప్పుమడులను ఆనుకుని ఉన్న ఊరు. వాన పడితే వరి ఊడ్చేవాళ్ళం, పడకపోతే ఆకాశం కేసి చూసేవాళ్ళం, అంతకుమించి చేసే వ్యవసాయం ఉండేది కాదు. వడ్రంగం మా ఇంటి విద్య కాదు. బావ గల్ఫు వెళ్ళి, అక్కడ తలుపులూ బీరువాలూ చేసే ఒక కార్ఖానాలో చెక్కలు మోసే కూలీగా చేరి, మేస్త్రీల చేతులు చూసి చూసి తానూ మేస్త్రీ అయ్యాడు. తరువాత నన్నూ రప్పించుకున్నాడు. ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని పడుకున్న ఆ రోజుల్లో నాకు కొలత పట్టడం, కర్ర మెలిక చూడటం, పొట్టు రంగును బట్టి చెక్క ఎంత ఆరిందో చెప్పడం నేర్పింది ఆయనే. తిట్టేవాడు కూడాను. ఆయన తిట్లు వినకపోతే ఆ పూట ఏదో వెలితిగా ఉండేది.

కొన్నేళ్ళకు ఆ కార్ఖానా మూతపడింది. రావలసిన జీతంతో పాటు ఇంత సొమ్ము చేతిలో పెట్టి అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. మిషన్లు అమ్మకానికి పెడితే మాతో ఉన్నవాళ్ళెవరూ వాటి వంక చూడలేదు, అందరూ బంగారం కొట్లకు వెళ్ళారు. బావ మాత్రం నన్ను తోడు ఉంచుకుని కార్ఖానాలోనే ఉండిపోయి, ఒక్కొక్క మిషన్‌నూ ఒళ్ళో పెట్టుకుని పరీక్ష చేశాడు. ముందు తీగ పీకేసి ఇరుసును వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపేవాడు. గాలి వచ్చే కంతల దగ్గర ముక్కు పెట్టి, లోపల తీగచుట్ట మాడిన వాసన ఉందేమో చూసేవాడు. అడుగుబల్ల మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద నుంచి వెలుతురు కనబడుతుందా అని ఒంటికన్నుతో చూసేవాడు. ఆఖర్న మిషన్ తిప్పి ఆపేసి, అది ఆగేదాకా కళ్ళు మూసుకుని వినేవాడు. మిషన్ తిరిగేటప్పుడు అబద్ధమాడుతుందట, ఆగేటప్పుడు నిజం చెబుతుందట.

అమ్మేవాడికి తొందరగా ఉంది కాబట్టి సగానికి సగం అడగమని నేను చెవిలో చెప్పాను. బావ నాకేసి కోపంగా చూశాడు. "మిషన్ని సూసి ధర కట్టాలొరే, అమ్మేవోడి మొకం సూసి కాదు" అన్నాడు. కొత్తదాని ఖరీదులో, పెట్టె తెరిచిన పాపానికి కొంత, అరిగినదానికి కొంత, బాగు చేయించుకోవలసినదానికి కొంత తీసేసి, ఇంకెన్నేళ్ళు అన్నం పెడుతుందో చూసుకుని ఒక అంకె చెప్పాడు. అమ్మేవాడు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అలా నాలుగు మిషన్లు ఆయనవయ్యాయి: కోత మిషన్, చిత్రిక మిషన్, అంచులకు నగిషీ తీసే రౌటర్, నునుపు పట్టే సాండర్.

ఊళ్ళో దిగిన రోజు మా అక్క ఆ పెట్టెలు విప్పి చూసి ఏడ్చినంత పని చేసింది. పక్కింటావిడ మెడలో కొత్త గొలుసు వేసుకుని తిరుగుతుంటే తన మొగుడు ఇనుము మోసుకొచ్చాడని ఆమె బాధ. వారం పాటు బావతో మాట్లాడలేదు. బావ మాత్రం వీధిలోకి ఒక రేకుల షెడ్డు వేసి, ఆ మిషన్ల తీగల చివర ఉన్న, గల్ఫులో వాడే చదరపు కాళ్ళ ప్లగ్గులు కోయడం ఇష్టం లేక, వాటికి సరిపోయే బోర్డులు ఎక్కడి నుంచో తెప్పించి బిగించుకున్నాడు. కరెంటు బలహీనంగా వచ్చే వేళల్లో వాటిని ముట్టుకునేవాడు కాదు. పని ముగిశాక కొబ్బరినూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేవాడు, ఉప్పుగాలికి మా ఊళ్ళో తలుపు గొళ్ళేలే తుప్పు పట్టి రాలిపోతాయి మరి.

ఆ తరువాత పదేళ్ళకు పైగా మాకు చేతినిండా పనే. శ్రీముఖలింగం వైపు నుంచి కూడా పెళ్ళిమంచాలకు మనుషులు వచ్చేవారు. అటు పోయినప్పుడల్లా మా చేతి తలుపు ఏ ఇంటికి ఉందో బావ వేలు పెట్టి చూపించేవాడు, అలా చూపిస్తూ వెళ్ళిన పని పూర్తిగా మరిచిపోయి ఇంటికి వచ్చేసిన రోజులూ ఉన్నాయి. అక్కకు గొలుసూ వచ్చింది, గాజులూ వచ్చాయి. మిషన్ల మీద ఆమె కోపం పోయి, షెడ్డు ముందు ముగ్గు వేసే రోజులు వచ్చాయి.

ఆ రోజులు ఎలా వచ్చాయో అలాగే పోయాయి. విశాఖ నుంచి రెడీమేడ్ తలుపులు లారీల్లో దిగడం మొదలైంది. భోగాపురం పక్క విమానాశ్రయం పుణ్యమా అని ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి కదా, అటు పోదామని నేనూ బావా ఒకసారి వెళ్ళాం. ఇళ్ళు చాలా ఉన్నాయి, గుమ్మాలు మాత్రం అన్నీ అచ్చు పోసినట్టు ఫ్యాక్టరీలో తయారై వచ్చినవే. బిగించడానికి నలుగురు కుర్రాళ్ళు చాలు. మేం దారి ఖర్చు దండగై తిరిగొచ్చాం. ఆ ప్రయాణంలోనే బావ కాళ్ళు వాచి ఉండటం చూశాను. మా పక్క మనుషులకు ఆ వాపు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ కిడ్నీలు పాడై మంచం పట్టినవాళ్ళు ఉన్నారు. నీళ్ళంటారు, నేలంటారు, ఎండంటారు, ఎవరికీ తెలియదు. పరీక్ష చేయిస్తే మేం భయపడిందే అయింది.

రక్తం శుద్ధి చేసే మిషన్ మీద పడుకోబెట్టడం ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కానీ వారంలో ఒకరోజు విడిచి ఒకరోజు ఆటో కట్టించుకుని వెళ్ళిరావాలి, బయట కొనే మందులుంటాయి, రక్తం పట్టడానికి వేయించుకునే సూదులుంటాయి. గాజులు పోయాయి, గొలుసు పోయింది. ఒక ఉదయం అక్క నాకు ఫోన్ చేసింది. మిషన్లు అమ్మేద్దామని బావే అన్నాడట, వర్తకుడొకడు వచ్చి నాలుగింటికీ కలిపి పన్నెండు వేలని చెప్పి వెళ్ళాడట. "నువ్వొచ్చి కొనరా తమ్ముడా. నీకైతే ఇస్తాడు. ఒక ముద్ద ఎక్కువ పెట్టు, దేముడు నీకు మేలు సేస్తాడు" అంది.

నా సంగతి చెప్పాలంటే, అప్పటికి నాకూ పని లేదు. మిషన్లు కొని చేసేదేముంది? ఇంటి కప్పు కారుతోందని దాచిన సొమ్ము నలభై వేలుంటే, ఆ సాయంత్రం నా భార్య నేను అడగకుండానే తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కప్పు ఇంకో వాన ఓర్చుకుంటుందని మాత్రం అంది.

మర్నాడు వెళ్ళేసరికి బావ షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూడగానే పెట్టెలు తెరవమన్నాడు. డబ్బు ఇచ్చేసి తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు, పరీక్ష చేయాల్సిందేనన్నాడు. ఆయన నేర్పినట్టే ఇరుసు ఊపాను, వాసన చూశాను, స్కేలు నిలబెట్టాను, తిప్పి ఆపి విన్నాను. కోత మిషన్ ఇంకా బంగారంలా ఉంది. చిత్రిక మిషన్ బాగానే ఉంది. రౌటర్ ఇరుసు కొంచెం ఆడుతోంది. సాండర్ ఆగేటప్పుడు గరగరమంది. నిజాయితీగా కడితే ముప్పై వేలు చేస్తాయి.

"నలభై ఇస్తాను బావా" అన్నాను.

"దేనికిరా నలభై?"

"నాలుగింటికీని."

"రౌటరు ఇరుసు ఆడతన్నాది. నీ సేతికి తెలీనేదేటి?"

"తెలిసింది. బేరింగు ఏయించుకుంటాను."

"ఆ బేరింగు ఇక్కడ ఎవుడు ఏస్తాడు? అయిదు తగ్గించు. సాండరు గొంతు ఇన్నావు గదా, దానికో నాలుగు తియ్యి."

"ఉండనీ బావా. కొనేవోణ్ణి నాను. నాకు నేని బాధ నీకేటి?"

"అమ్మేవోణ్ణి నాను. సెప్తన్నాను, తియ్యి" అన్నాడు. ఆయాసం వచ్చింది. కాస్త ఆగి, కోత మిషన్ పళ్ళు అరిగాయని ఇంకొంత, పెట్టె మూత విరిగిందని ఇంకొంత, ఇలా తన సరుకులో తానే లోపాలు వెతుక్కుంటూ కిందికి దిగుతున్నాడు. నేను పైకి లాగుతున్నాను. ఇలాంటి బేరం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అక్క ఉండబట్టలేకపోయింది. "ఇచ్చేవోడు ఇస్తానంటే పుచ్చుకోడానికి నీకేటి నొప్పి?" అంది.

బావ ఆమె వైపు తిరగకుండానే, "ఆడు మిషన్లు కొంటన్నాడే, నన్ను కాదు" అన్నాడు.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. బేరం ఇరవై ఆరు దగ్గర తెగింది. అంటే నేను కట్టిన నిజమైన ధర కంటే కూడా తక్కువే. నాకు పని లేదనీ, ఆ సొమ్ము కప్పు కోసం దాచుకున్నదనీ ఆయనకు తెలియక కాదు. అమ్మేవాడి మొహం చూడకూడదని నాకు నేర్పిన మనిషి, ఆ రోజు కొనేవాడి మొహం చూసి ధర తగ్గించాడు. సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చిన అక్క చేతిలో మిగిలిన పద్నాలుగు వేలూ పెట్టి వచ్చాను. మరునాడే బావ వాటిని ఆటోవాడికిచ్చి నాకు తిప్పి పంపించాడు.

తరువాత ఎన్నాళ్ళో లేడు. చివరిసారి చూడబోయినప్పుడు మిషన్లతో పని చేస్తున్నావా అని అడిగాడు. చేస్తున్నానన్నాను. ఏం చేశావని అడిగితే, ఎవరి ఇంటికో కిటికీలని ఏదో చెప్పాను. నమ్మాడో లేదో, కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆయన పోయాక, ఆ నాలుగూ అమ్మి వచ్చింది అక్కకు ఇద్దామని చాలా తిరిగాను. అడిగిన ప్రతివాడూ ఫోన్ తీసి నాకు చూపించాడు. ఆ ధరకు బ్యాటరీతో నడిచే కొత్తవి ఇంటికే వస్తాయట. ఎవరూ ఇరుసు ఊపలేదు, వాసన చూడలేదు. ఒకాయన మాత్రం ప్లగ్గు చూసి నవ్వాడు. మిషన్లు ఇప్పటికీ మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. నా చేతులకు మునుపటి పట్టు లేదు, ఇక ఆ మిషన్లతో నేను పని చేసే మాట లేదు.

అక్క ఇప్పుడు జీడిపిక్కలు ఒలిచే పనికి వెళుతోంది. పిక్కల జీడి తగిలి వేళ్ళన్నీ నల్లబడిపోయాయి. బావ సంవత్సరీకాలకు వెళ్ళినప్పుడు, బంధువులంతా భోజనాలు చేసి లేచాక, ఆయన ఎంత అభిమానధనుడో చెబుతూ ఆ బేరం సంగతి ఎత్తాను. నవ్వుతుందనుకున్నాను. విస్తళ్ళు తీస్తున్నదల్లా ఆగి, "ఆయన తగ్గించినాడు, నువ్వు ఒప్పుకున్నావు. ఆఖరి నెల సూదులు మానేసినాం, తెలుసా నీకు? నన్నెవులూ అడగనేదు గదరా" అని, మళ్ళీ వంగి విస్తరి తీసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మా కాలంలో ఒక వస్తువుకు ధర కట్టడమంటే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి పరువు ఒకరు కాపాడుతూ, ఒకరి కష్టం ఒకరు చూసీ చూడనట్టు నటిస్తూ చేసే పని. అది గొప్ప సంగతని చాలాకాలం అనుకున్నాను. ఇప్పటివాళ్ళు ఫోన్‌లో అంకె చూసి, నచ్చితే కొంటారు, లేకపోతే వేలితో పైకి జరిపేస్తారు, అమ్మేవాడి ఊరేదో కూడా వాళ్ళకు అక్కర్లేదు. అందులో మన్నన లేదని మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఈ మధ్య అలా అనబుద్ధి కావడం లేదు. అక్క మాట విన్నాక, ఏది మన్ననో, అది ఎవరి నోటి దగ్గరి ముద్ద తీసేస్తుందో నాకు తేలడం మానేసింది. ఆ పద్నాలుగు వేలతో కప్పు వేయించలేదు. ఇంట్లోకే ఖర్చయిపోయాయి, దేనికో కూడా గుర్తు లేదు. వానాకాలం వస్తే ఇప్పటికీ కారుతుంది, గిన్నె పెట్టుకుంటాం.