ముందు తినే కోడలు

మీ ఇంట్లో కోడలు ఏనాడైనా మీకంటే ముందు తిన్నదా? ఉదయగిరి దగ్గర నేను పిల్లలకు చదువు చెబుతూ బస చేసిన ఇంట్లో ఒక కోడలు తినేది, పుట్టగొడుగులు దొరికిన రోజు మాత్రం.

ధాత నామ సంవత్సరపు కరువు తీరి వానలు పడ్డ ఏడు అది. కొండ కింద బీడులో గడ్డి మొలిచింది, గడ్డిలో పుట్టగొడుగులు లేచాయి. ఆమె ఒక్కొక్కదాన్ని పీకి, తిరగేసి, గొడుగు కింది మడతలు చూసి, వాసన పట్టేది. కొన్నిటిని విసిరేసేది.

"ఏ గుర్తునుబట్టి పారేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"చూస్తే తెలీడంలా అయ్యోరా?" అని నవ్వింది.

కూర ఉడికాక అత్త పిలిచింది. "ముందు నువ్వు తినమ్మీ. నీకేం కాకపోతే పొద్దుగూకినాక మేం తింటాం."

కోడలు తిన్నది. అత్త ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నది.

"గుర్తులు తెలిసినదానివి, నీకీ పరీక్ష ఎందుకు?" అన్నాను.

"కడుపునిండా వేడివేడిగా తినేది ఈ పొద్దే గదా, చెడగొట్టబాకండి" అన్నది.

నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆమెకు తెలిస్తే ఆ ఇంటికి నమ్మకం ఎందుకు లేదు? తెలియకపోతే ఆ చెయ్యి ఎందుకు వణకలేదు?

ఈసారి మీ ఇంట పుట్టగొడుగులు వండితే మొదటి ముద్ద మీరు తినండి. మిగతా రోజుల్లో మొదటి ముద్ద మీ కోడలికి పెట్టండి.